‘పదును’ చివరిదాకా విన్న మనిషి

యాడికి ఊళ్లో బస్టాండు దాటి తాడిపత్రి రోడ్డు పట్టుకుంటే, ఎరువుల అంగడికీ టీ బంకుకీ నడుమ ఐజాక్ మొబైల్ అంగడి కనిపిస్తుంది. రీఛార్జీలు, పగిలిన అద్దాలు మార్చడం, ట్రాక్టర్లకూ ఆటోలకూ పాటలు ఎక్కించడం ఏడాది పొడుగునా ఉండే పనులు. వానపడి వేరుశనగ మొలిచిందంటే మాత్రం ఇంకో రకం గిరాకీ మొదలవుతుంది. రైతులు ఆ అంగడికి వచ్చి అరిచిపోతారు.

నవ్వులాట కాదు. అడవి పందులు చేలో పడకుండా గట్టు మీద కట్టె పాతి, దానికి చిన్న మైకు కట్టి, కింద బ్యాటరీ పెడతారు. మైకులో గోరంత మెమరీ కార్డు ఉంటుంది. దాన్ని అందరూ చిప్పు అంటారు. ఆ చిప్పులో రైతు గొంతు ఉంటుంది. పొద్దు గూకింది మొదలు అది అరుస్తూ ఉంటే రైతు నడుం వాల్చుకోవచ్చు. ఒకరి అరుపు ఇంకొకరు పెట్టుకోవడం మాత్రం ఆ పక్క ఎక్కడా లేదు. "నా చేనుకు నా గొంతే ఉండాల" అంటారు. ఎందుకని అడిగితే అడిగినవాడి మొహం వింతగా చూస్తారు తప్ప జవాబు చెప్పరు.

తిమ్మప్ప కూడా అలాగే వచ్చాడు, రెండేళ్ల కిందట. చెప్పులు బయట విడిచి, తలగుడ్డ సరిచేసుకుని, ఐజాక్ చూపించిన మైకు ముందు ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. "హో... హోయ్... హోహోయ్" అని ఎత్తుకున్నాడు చూడండి, అంగడి రేకుల మీది పావురాలు లేచిపోయాయి. ముమ్మారు అరిచాక, అంత గొంతూ ఎక్కడికి పోయిందో, పసిబిడ్డను అడిగినట్టు మెత్తగా అడిగాడు.

"చాల్నాప్పా?"

ఐజాక్ అప్పటికి మిషను ఆపలేదు. అదీ అందులో పడిపోయింది. "ఆ కడా మాట కోసేస్తా మామా" అన్నాడు.

"ఉండనీలేప్పా. పందుల్ని గూడా ఒక మాట అడిగినట్టుంటాది" అన్నాడు తిమ్మప్ప.

ఆ సాయంత్రం నుంచి కొండ కింది చేలో ఆ మైకు ముమ్మారు అరిచి, ఒకసారి అడిగేది. చేను గట్టునే గుడిసె. గుడిసెలో సంగటి కెలుకుతున్న సుంకమ్మ, "చాలు రా, వచ్చి తిను" అని జవాబిచ్చేది. పక్కనే కూచుని ఉన్న తిమ్మప్ప పగలబడి నవ్వేవాడు. మొదట ఎగతాళికి అన్న మాట తరువాత అలవాటయింది. దావన పోయే వాళ్లు కూడా ఆ సంభాషణ విని నవ్వుకుంటూ పోయేవాళ్లు.

మొన్న ఎండాకాలంలో తిమ్మప్ప పొద్దున్నే మంచం మీద కూచుని తువ్వాలు దులుపుతూ, ఎదలో నొప్పన్నాడు. తాడిపత్రి ఆసుపత్రి చేరేలోపే పోయాడు. ఈ ఏడు వాన పడ్డాక సుంకమ్మ తనే నిలబడి విత్తనం వేయించింది. కట్టె పాతించింది. మైకు కట్టించింది. చచ్చిపోయిన మనిషి గొంతు చేలో ఎందుకని చుట్టాలన్నారు. ఆమె పాత చిప్పునే మైకులో పెట్టించింది. సందెవేళ తిమ్మప్ప అరుపు లేచేసరికి మొదటి రోజు ఊళ్లో వాళ్లకు ఒళ్లు జలదరించింది. తరువాత అలవాటు పడ్డారు. చేలో మైకు అడిగేది, గుడిసెలోంచి సుంకమ్మ "చాలు" అనేది.

ఇప్పుడు ఐజాక్ సంగతి. నాయన జయరాజు బండల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. కొడుకు చేతులు బండలు మోయడానికి పనికిరావని పసితనంలోనే తేల్చేసి, ఆదివారం చర్చిలో కీబోర్డు ముందు కూచోబెట్టాడు. చర్చికి కొత్త కీబోర్డు వచ్చినప్పుడు పాతది ఐజాక్ ఇంటికి చేరింది. దానికి రెండు మెట్లు పలకవు. ఆ రెండూ రాకుండా రాగాలు కట్టడం అతనికి చేతనయింది. భార్య అంజలి కాయర్లో పాడేది. పెళ్లిళ్లలో ప్యాడ్లు వాయించే రామాంజులు వాళ్లకు తోడయ్యాడు. ముగ్గురూ కలిసి ఒక బ్యాండు. పేరు ఎండమావి. పేరు పెట్టింది అంజలి. "నీళ్లున్నట్టే ఉంటాది, దగ్గరికి పోతే ఏమీ ఉండదు, మన మాదిరే" అంది.

వాళ్ల మొదటి ఆల్బమ్ పేరు ‘దుమ్ము’. పేరుకు తగ్గట్టే లేపింది. ఈ పక్క పాట ఆడిందా లేదా అనేది యూట్యూబ్ అంకెలు చూసి చెప్పరు, ట్రాక్టరు చూసి చెబుతారు. నల్లమాడ దాకా ట్రాక్టర్లన్నీ ‘దుమ్ము’ పెట్టుకుని తిరిగాయి. హైదరాబాదులో కొత్త సంగీతం గురించి మాట్లాడే ఒక చానల్ కుర్రాడు, అనంతపురం ఎర్రనేల నుంచి సింథ్ పాప్ పుట్టిందని ఊగిపోయాడు. అంతవరకూ ఐజాక్ తాను కీబోర్డు వాయిస్తున్నాననే అనుకున్నాడు. సింథ్ పాప్ అని తెలిశాక కొన్నాళ్లు కాస్త నిటారుగా నడిచాడు.

రెండో ఆల్బమ్ వేరే దారి పట్టింది. ఒక మిట్టమధ్యాహ్నం గిరాకీ లేక, ఎవరిదో చేను అరుపును కంప్యూటర్లో సరిచేస్తూ ఐజాక్ వేగం తగ్గించే మీట లాగాడు. అరుపు సాగింది. ఇంకా లాగాడు. అరుపులోని కోపమంతా కారిపోయి, దూరంగా పోయే గూడ్సు బండి కూతలాంటిది ఒకటి మిగిలింది. బయట ఎండలో తారురోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తోంది. టీ బంకువాడు నిలబడే కునుకు తీస్తున్నాడు. ఆ కూత అంగడంతా నిండి, గోడలు వెనక్కి జరిగినట్టయింది. ఐజాక్ కళ్లు మూసుకున్నాడు. గొంతు చించుకునే ప్రతి మనిషి లోపలా ఇంత నిదానం ఉంటుందా అనుకున్నాడు.

దాచిన అరుపులన్నీ బయటికి తీశాడు. ఒక్కొక్కటి సాగదీసి పరుపులా పరిచి, దాని మీద కీబోర్డును అడుగులో అడుగు వేసినట్టు వాయించాడు. అంజలి మాటలు రాసి, బిడ్డను ఉయ్యాల్లో వేసి పాడినట్టు పాడింది. "నిలబడి పోవే మబ్బా, మా చేను దావలోనే ఉండాది" అనేది అందులో ఒక పల్లవి. ఆల్బమ్‌కు ‘పదును’ అని పేరు పెట్టారు. వాన వెలిశాక రైతు గుప్పెడు మన్ను తీసి పిడికిలి పట్టి వదులుతాడు. ముద్ద నిలిచి, చేతికి అంటకపోతే పదునయిందంటాడు, విత్తనం వేస్తాడు. తన పాటలు వినేవాళ్లలో అంత తడి మిగలాలని ఐజాక్ ఆశ. పెద్ద ఆశే.

రామాంజులుకు ఇది అంతగా ఎక్కలేదు. అయినా వాయించాడు. పాటలన్నీ వరసగా కలిపి ముగింపు పని చేసింది కూడా అతనే, తాడిపత్రిలో స్నేహితుడి స్టూడియోలో. పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నా, కడాదాకా ఇని చెప్పు" అన్నాడు. ఐజాక్ తలూపాడు. పాటలు ఎక్కించే అంగళ్లలో పాటను పరీక్షించే పద్ధతి ఒకటుంది. మొదలు కాస్త వినడం, పలికితే తరువాతి పాటకు దూకడం. ఐజాక్ అన్ని పాటలూ అట్లాగే దూకి, బాగుందన్నాడు. తాను చేసిన పాటలే కదా, ఇంక వినేదేముంది.

‘పదును’ వచ్చింది. వచ్చినంత వేగంగానే పోయింది. పుల్లన్న అనే ట్రాక్టరు డ్రైవరు మర్నాడే అంగడికి తిరిగొచ్చాడు. "అన్నా, నీ కాళ్లకు మొక్కుతా, తీసెయ్. దున్నుతా దున్నుతా కునుకుపోయి బండిని గట్టెక్కిస్తి" అన్నాడు. ఆటోవాళ్లయితే, ప్యాసింజర్లు ఎక్కీ ఎక్కగానే ఎవరు పోయినారని అడుగుతున్నారన్నారు. పాస్టరు గారు మాత్రం మెచ్చుకున్నారు, మాటలు మారిస్తే ఉపవాస ప్రార్థనకు పనికొస్తుందని. చివరికి హైదరాబాదు కుర్రాడు కూడా, మొదటి ఆల్బమ్‌లో లేచిన దుమ్ము రెండోదాంట్లో అణిగిపోయిందని చెప్పి, రెండు పాటలు ముక్కలుగా వినిపించి ఊరుకున్నాడు.

రామాంజులు గోరంట్ల పక్క ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో చేరిపోయాడు. కొట్లాట ఏమీ లేదు. "మనం చేసింది బాగుండాదేమో అన్నా, నాకు మాత్రం పెండ్లిండ్లు కావాల" అన్నాడు. ఆ ‘ఏమో’ ఐజాక్‌కు ముల్లులా దిగింది. తరువాత ఫోన్ చేయలేదు.

అప్పటి నుంచి అతనికి ఒక మొండితనం పట్టింది. అంగడికి ఏ చిప్పు వచ్చినా, వాళ్లడిగిన పాటలతో పాటు ‘పదును’ కూడా ఎక్కించేవాడు. "ఎవురూ కడాదాకా ఇనరు. రెండు నిమిషాలు ఇని తీర్పు చెప్తారు" అని అంజలి దగ్గర గొణిగేవాడు. కొత్త సినిమా పాటలకు కంప్యూటర్లో చోటు చాలక, ఒకరోజు పాత అరుపుల ఫోల్డరు మొత్తం తుడిచేశాడు. ఎవరి అరుపు వాళ్ల చేలో భద్రంగా ఉంది, ఇక్కడెందుకు అనుకున్నాడు.

ఆ వారంలోనే సుంకమ్మ చిప్పు వచ్చింది. మైకు గరగరమంటోందని ఊళ్లో ఆటోవాడి చేత పంపింది. ఆటోవాడు తన చిప్పునూ దాన్నీ కలిపి, ఏది ఎవరిదో చెప్పకుండా బల్ల మీద వేసిపోయాడు. నల్లగా, గోరంత, రెండూ ఒకే మాదిరి. చేను చిప్పయితే ముందు అరుపును పక్కన దాచి, చిప్పులో ఉన్నదంతా చెరిపి కడిగి, మళ్లీ ఎక్కించడం పద్ధతి. ఐజాక్ రెండూ ఆటోవే అనుకున్నాడు. రెండూ కడిగేసి, రెండింటి నిండా పాటలు నింపాడు. ఆటోవాడు అడిగిన సినిమా పాటలు ఒకదాంట్లోకి పోయాయి. రెండోదాంట్లోకి పంతం కొద్దీ ఉత్త ‘పదును’ పోయింది.

మర్నాడు పొద్దున సుంకమ్మ నడిచి వచ్చింది. బల్ల ముందు నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"ఐజాకూ, మా ఆయప్ప యాడప్పా?"

ఐజాక్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నిన్న సందేళ పెడితే ఎవురో ఆడమనిషి పాడబట్టె. మైకు చెడిపోయిందని ఆపేస్తి. ఆయప్ప గొంతు యాడికి పాయె?"

"యాడికీ పోలేదత్తా. కంప్యూటర్లో ఉండాది. తీసిస్తా. అంతదాంకా ఆ పాటలే పెట్టుకో, పందులకు ఏదో ఒక సద్దుండాల గదా" అన్నాడు. నోటికి ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం.

"సరేప్పా. మర్చిపోవద్దు" అంది. గొడవ చేసి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఆమె నమ్మి పోయింది. అదే భరించలేకపోయాడు.

తుడిచిన వాటిని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ ప్రయత్నించాడు. పాత సినిమా పాటల ముక్కలు లేచొచ్చాయి గానీ తిమ్మప్ప రాలేదు. ఆయన ఉన్న చోట కొత్త పాటలు వచ్చి కూచున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. తిమ్మప్ప అరుపు ‘పదును’ నాలుగో పాట కింద పరిచి ఉంది. సాగదీసిందాన్ని మళ్లీ కుదిస్తే? అంజలి గొంతునూ కీబోర్డునూ వీలైనంత చెరిపి, వేగం పెంచుకుంటూ పోయాడు. రెండు రోజులు కూచుంటే అరుపు వచ్చింది. గొంతులో ఇసక పోసుకుని అరిచినట్టుంది గానీ, అది తిమ్మప్పే. ఐజాక్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరిదాకా విన్నాడు. హో, హోయ్, హోహోయ్. అక్కడితో ఆగిపోయింది.

అడిగే మాట లేదు. పాటకు పనికిరాదని ఆ ముక్క కోసేసింది తనే.

"పోయి ఉన్నదున్నట్టు చెప్పు" అంది అంజలి. "ఆయమ్మ జవాబిచ్చేది అరుపుకు కాదు గదా. అడిగినదానికి. అది లేకుండా ఇదిచ్చి తప్పించుకుందామనుకోవద్దు."

అయినా అతను ఇంకో వారం పోలేదు. సుంకమ్మా రాలేదు. దావలో ఆమె ఊరివాళ్లు కనిపిస్తే మొహం తిప్పుకున్నాడు. చచ్చిన మనిషిని రెండోసారి తానే చంపినట్టుంది. పాటలు ఆడనప్పుడు కూడా ఇంత బాధ పడలేదు. చివరికి ఒక సాయంత్రం, కుదించిన అరుపు చిప్పును చొక్కా జేబులో వేసుకుని, మోటారుసైకిలు తీశాడు.

చేను చేరేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. మన్ను ఎర్రగా, ఆకాశం ఇంకా ఎర్రగా, నడుమ వేరుశనగ పచ్చ. సుంకమ్మ కలుపు తీయడం ముగించి గట్టు మీద కూచుని కాళ్లకంటిన మన్ను దులుపుకుంటోంది. "రాప్పా" అంది. ఐజాక్ నిలబడే అంతా చెప్పాడు. చిప్పు తానే తుడిచేశానని, కంప్యూటర్లో ఉందన్నది అబద్ధమని, అరుపు కొంచెం దొరికింది గానీ అడిగే మాట దొరకలేదని, ఇంకెప్పటికీ దొరకదని. చెప్పి తల వంచుకున్నాడు.

సుంకమ్మ కాళ్ల మన్ను దులుపుకోవడం ముగించింది.

"కూచో" అంది కడకు. లేచి పోయి బ్యాటరీ తీగలు కలిపి, వచ్చి మళ్లీ గట్టు మీద కూచుంది.

‘పదును’ మొదలయింది. చర్చి పాత కీబోర్డు గాలి మీద మెల్లగా పరుచుకుంది. ఇంట్లో చిన్న స్పీకర్లలో విన్న పాటలు కావివి. వీటికిప్పుడు కొండంత చోటు దొరికింది. ఒక్కో స్వరమూ పోయి కొండను తాకి, ఆలోచించుకుని తిరిగొస్తోంది. అంజలి మబ్బును నిలబడమని బతిమాలుతుంటే, నిజంగానే పడమట ఒక మబ్బు అంచు వెలిగి ఆగినట్టుంది. ఐజాక్ ముందు తప్పులు వింటూ కూచున్నాడు. ఇక్కడ తొందరపడ్డాను, ఇక్కడ ఆ పలకని మెట్టు కోసం వేలు తడబడింది. కాసేపటికి తప్పులు వినడం మరిచిపోయాడు. ఇవి ఎవరో చేసిన పాటలు, ఎవరో దావన పోతూ పోతూ తనకోసం ఆగి వినిపిస్తున్నవి. బాగున్నాయి. తన పాటలు బాగున్నాయని అతనికి మొదటిసారి తెలిసింది.

"పందులొస్తాండాయా అత్తా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"వస్తాండాయి. ఆ కంపల కాడ నిలబడి ఇని పోతాండాయి. ఇంకా చేలోకి దిగలా" అంది. మళ్లీ తనే, "మీ ట్రాక్టరోళ్ల కంటే అవే మేలు" అంది. పుల్లన్న గట్టెక్కించిన సంగతి ఇక్కడిదాకా చేరిందన్నమాట.

నాలుగో పాట వచ్చింది. తిమ్మప్ప సాగి సాగి, కోపం లేని కూతగా చేనంతా కమ్ముకున్నాడు. ఐజాక్ ఆమె మొహం చూడలేకపోయాడు. జేబులో చిప్పు తడుముకున్నాడు. ఆమె మాత్రం పైట చెంగు ముడి విప్పి వక్కాకు వేసుకుని, పాట వింటూనే ఉంది. ఐదు, ఆరు, ఏడు. చీకటి అంచు దిగింది. చివరి పాట చిక్కబడి, పలచబడి, ఆగిపోయింది. ఐజాక్ లేవబోయాడు.

"గమ్మునుండు. ఇంకా కాలా" అంది సుంకమ్మ.

మైకులో ఉత్త గరగర. అది ఆగకుండా పోతోంది. ఇంత ఖాళీ ఎందుకొదిలాడు రామాంజులు అనుకున్నాడు. ఆ గరగరలో ఫ్యాను తిరుగుతున్న సద్దు వినిపించింది. తన అంగడి ఫ్యాను. రోడ్డు మీద ఏదో బస్సు హారను. ఆ వెనకాల, సాగదీయని, కుదించని, తాను కోసి పారేసిన గొంతు.

"చాల్నాప్పా?"

"చాలు" అంది సుంకమ్మ, వక్కాకు నములుతూ, రోజూ అన్నట్టే.

కోసేసిన ఆ ముక్కను రామాంజులు ఏరి చివర అతికించాడని ఐజాక్‌కు అర్థమయింది. కడాదాకా ఇని చెప్పు అన్న రామాంజులు మాట ఇప్పుడు చెవిలో పడింది. ఊళ్లో ఎవరూ వినలేదని ఏడ్చాడు గానీ, తాను మాత్రం విన్నాడా.

"ఆ పొద్దు మైకు చెడిపోయిందని ఆపేస్తి గదా" అంది సుంకమ్మ. "మర్నాడు నువ్వు పెట్టుకోమంటివని పెట్టి, గుడిసెలో పని చూసుకుంటా ఉంటి. అన్నీ అయిపోయినాక అడిగె. చేతిలో తపేలా కింద పడె. అప్పట్నుంచి దినామూ ఇంటాండా. అందుకే మళ్లా రాలా నీ కాడికి."

"ముందే చెప్పింటే..."

"నువ్వు చేసిన పాటలే గదప్పా. నీకు తెలీదని నాకేం తెలుసు."

 ఐజాక్ జేబులోంచి చిప్పు తీసి చూపించాడు. "దీంట్లో అరుపుండాది. ఇసక గొంతు. పెట్టాల్నా?"

"ఉండనీ. కాయ ఊరినాక పందులు మొండికేస్తాయి, అప్పుడు పెడదాం" అని తీసుకుని చెంగున కట్టుకుంది. "బతికినన్నాళ్లూ మూడు అరుపులకొకసారి అడుగుతుండె. ఓపికే ల్యాకుండె ఆయప్పకు. ఇప్పుడు పాటలన్నీ ఇని, నింపాదిగా అడుగుతాండాడు. ఇట్లే బాగుండాది."

ఐజాక్ ఫోన్ తీసి రామాంజులు నంబరు దగ్గర వేలు పెట్టాడు. ఎక్కడో పెళ్లిలో ప్యాడ్లు వాయిస్తూ ఉంటాడు. ఏం చెప్పాలో తెలుసు, ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంతలో మైకు మళ్లీ మొదటి పాట ఎత్తుకుంది. పొద్దుపోతోంది, ఆమె ఇంకా తినలేదు.

"ఆపేద్దునా అత్తా?" అన్నాడు.

"ఏంటికాపేది?" అంది సుంకమ్మ. "మళ్లా అడగాల గదప్పా."